పందెం లేని బరి: ఒక పీఈటీ మాస్టారి అనుభవ పాఠాలు

బొల్లాపల్లిలో మా పిల్లలకు పరుగు నేర్పడానికి స్టేడియం అంటూ ఏమీ లేదు. ఒకవైపు వినుకొండ రోడ్డు, మరోవైపు నల్లమల అంచు, మధ్యలో మిరప చేలు, కంది చేలు, తండాలు. హైస్కూలు వెనక మట్టినేల మీద సున్నంతో గీతలు గీసి, ఆ గీతల మధ్యే చెడుగుడు, ఖోఖో, వాలీబాల్ నేర్పుతూ పీఈటీగా, అంటే వ్యాయామ ఉపాధ్యాయుడిగా, నా ఉద్యోగమంతా గడిచింది. రిటైరయ్యాక నా కళ్ళ ముందుకు వచ్చిన కొత్త మైదానం టీవీలో ఉంది. డల్లాస్‌లో ఉంటున్న మా అమ్మాయి డిసెంబరు సెలవులకు వస్తూ నింటెండో స్విచ్ అనే మెషీన్ తెచ్చింది. అందులో పిల్లలు వదలకుండా ఆడిన ఆట పేరు ‘మారియో అండ్ సోనిక్ ఎట్ ది ఒలింపిక్ గేమ్స్: టోక్యో 2020’.

ఎర్ర టోపీ, మీసాలు ఉన్న మారియో, నీలం రంగు ముళ్ళపంది సోనిక్, వాళ్ళ స్నేహితులు, వాళ్ళ శత్రువులు అందరూ టోక్యో ఒలింపిక్స్‌కు వచ్చి పరుగెత్తుతారు, ఈదుతారు, బాణాలు వేస్తారు, షటిల్ ఆడతారు. ఒకే టీవీ ముందు నలుగురు కూర్చుని ఆడుకోవచ్చు. కొట్టుకోవడం, చంపుకోవడం ఉండదు. బాక్సింగ్, కరాటే ఉన్నాయి గానీ, అవీ ఒలింపిక్ నియమాలతోనే. ఈ ఆటను నేను పీఈటీ కళ్ళతో చూశాను. చూసినకొద్దీ నేను పిల్లలకు చెబుతూ వచ్చిన మాటలే గుర్తుకొచ్చాయి, కొన్ని కొత్తగానూ తెలిశాయి. ఇంట్లో పిల్లలున్న తల్లిదండ్రులకు, తాతయ్యలకు, అమ్మమ్మలకు, నాయనమ్మలకు, కొత్తగా ఉద్యోగంలో చేరిన పీఈటీలకు పనికొస్తాయని రాస్తున్నాను.

1. పోటీవాళ్ళు కలిసి ఆడాలంటే మూడో ఊరి నేల కావాలి

పక్కపక్క ఊళ్ళ చెడుగుడు జట్లకు పోటీ పెట్టడం ఎంత కష్టమో మా వైపు పీఈటీలందరికీ తెలుసు. కాలవ నీళ్ళ తగాదానో, ఎన్నికల తగాదానో ఏదో ఒకటి ఉంటుంది. ఈ ఊరివాళ్ళు ఆ ఊరికి పోరు, ఆ ఊరివాళ్ళు ఈ ఊరికి రారు. అప్పుడు చేయాల్సింది ఒకటే. ఇద్దరికీ చెందని మూడో ఊళ్ళో బరి గీయాలి, రెఫరీని ఇంకో ఊరి నుంచి పిలవాలి, నియమాలు ఆటకు ముందే అందరికీ చదివి వినిపించాలి. ఇలా చేస్తే నిన్నటిదాకా మాటల్లేని కుర్రాళ్ళు కూడా ఒకరి కాలు ఒకరు పట్టుకుని, ఆట అయ్యాక చెయ్యిచ్చి లేపుతారు.

మారియోనూ సోనిక్‌నూ కలిపిన పద్ధతి ఇదే. మారియో నింటెండో కంపెనీ బొమ్మ. 1981లో ‘డాంకీ కాంగ్’ అనే ఆటలో పుట్టాడు. సోనిక్ సెగా కంపెనీ బొమ్మ. మారియోను ఓడించాలనే పట్టుదలతోనే 1991లో అతన్ని తయారుచేశారు. ఆ రెండూ జపాన్ కంపెనీలే. ఆ తర్వాతి ఏళ్ళలో అమెరికాలో, యూరప్‌లో పిల్లలు నీది నింటెండోనా, సెగానా అని బడుల్లో వాదులాడుకున్నారు. 2001లో సెగా తన మెషీన్ల తయారీ ఆపేసి, ఆటలు తయారుచేసే పనికే పరిమితమైంది. ఆ ఏడాది డిసెంబరులోనే సోనిక్ ఆట నింటెండో మెషీన్ మీదికి వచ్చింది. అయినా వాళ్ళిద్దరూ ఒకే ఆటలో కలవడానికి 2007 దాకా పట్టింది.

మారియో ఇంట్లో ఆడితే సోనిక్ అతిథి అవుతాడు, సోనిక్ ఇంట్లో ఆడితే మారియో అతిథి అవుతాడు. ఒలింపిక్స్ ఇద్దరిదీ కాదు. అందుకే అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ లైసెన్సుతో, 2008 బీజింగ్ ఒలింపిక్స్ పేరు మీద ఆట తయారైంది. సెగా తయారుచేసింది, జపాన్‌లో నింటెండో అమ్మింది. కోటికి పైగా కాపీలు పోయాయి. తర్వాత వాంకూవర్, లండన్, సోచి, రియో, టోక్యో, ఇలా బీజింగ్‌తో కలిపి ఆరు ఒలింపిక్స్‌కు ఈ జట్టు వచ్చింది.

ఇంట్లోనూ ఈ పద్ధతి నడుస్తుంది. కొడుకు పిల్లలూ కూతురు పిల్లలూ కలిసినప్పుడు, మెషీన్ ఒకరిదైతే పెత్తనం వాళ్ళదే అవుతుంది. మా ఇంట్లో దాన్ని తెచ్చిన పిల్లాడి గదిలో పెట్టనివ్వలేదు. నడిమింట్లో పెద్ద టీవీకి తగిలించాం. ఎవరి తర్వాత ఎవరు అన్నది మా ఆవిడ చెబుతుంది. ఆవిడ మాటకు అప్పీలు లేదు.

2. పందెం కలిసిన నాడే ఆట చెడుతుంది

ఈ మాట పల్నాటి వాళ్ళకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. మన పల్నాటి యుద్ధం మొదలైంది కోడిపందెంతో. బరిలో రెండు పుంజులు కొట్టుకుని ఊరుకుంటే ఆ సాయంత్రంతో అయిపోయేది. ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం వదిలిపోవాలని షరతు పెట్టుకున్నారు. నాయకురాలు నాగమ్మ పుంజు గెలిచింది, బ్రహ్మనాయుడి పక్షం ఓడింది, మాచర్ల మలిదేవుడి వాళ్ళు ఊరు విడిచారు. గడువు తీరాక రాజ్యం తిరిగి ఇవ్వలేదు. రాయబారానికి వెళ్ళిన అలరాజు తిరిగి రాలేదు. చివరికి కారెంపూడిలో నాగులేటి ఒడ్డున అన్నదమ్ములే నరుక్కున్నారు. బొంగరాలు ఆడుకునే వయసు బాలచంద్రుడు ఆ యుద్ధంలో పోయాడు. ఇప్పటికీ ఏటా కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరుల ఉత్సవాల్లో ఒక రోజు పేరు కోడిపోరు. ఆ రోజు కారెంపూడికి పిల్లల్ని తీసుకెళ్ళే పెద్దలు కత్తులు చూపించి ఊరుకోకుండా, ఆ కత్తుల వెనక ఉన్న పందెం సంగతి కూడా చెప్పాలి.

ఇప్పుడు పందెం ఫోనులోకి వచ్చింది. రమ్మీ, పోకర్ అని, జట్టు కట్టుకుని డబ్బు గెలుచుకోమని పిలుస్తుంది. పత్తి అమ్మిన డబ్బు, మిరప అమ్మిన డబ్బు రాత్రికి రాత్రి పోగొట్టుకున్న కుర్రాళ్ళ ఇళ్ళకు వెళ్ళి నేను ఓదార్పు చెప్పి వచ్చాను. వాళ్ళలో నా దగ్గర ఆడిన పిల్లలూ ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికి వర్తించేలా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. మంచి పని. కానీ చట్టం మీదే భారం వేయకుండా ఇంట్లో చేయగల పని ఒకటుంది. పందెం లేకుండా కూడా ఆట ఒళ్ళు పులకరించేంత బాగుంటుందని పిల్లవాడికి పదేళ్ళ లోపే రుచి చూపించాలి. ఆ రుచి తెలిసినవాణ్ణి జూదం అంత తేలిగ్గా లాగలేదు.

నింటెండో కథలోనూ ఈ మలుపు ఉంది. 1889లో క్యోటోలో ఆ కంపెనీ మొదలుపెట్టింది పేకముక్కల తయారీతోనే. హనఫుడా అనే ఆ పూల ముక్కలను జపాన్‌లో జూదాల్లో వాడేవాళ్ళు. ఆ కొట్టు ఇవాళ ముసలీ ముతకా పిల్లా పాపా కలిసి ఆడే ఆటలు అమ్ముతోంది. మేం ఆడిన ఆట ఒకసారి కొన్నాక మధ్యలో డబ్బు అడగదు. గెలిస్తే తెర మీద పతకం ఇస్తుంది, అంతే.

మా ఇంట్లో నియమం: గెలిచినవాడికి చాక్లెట్ లేదు, ఓడినవాడికి పని లేదు. అల్లుడు సరదాకు ‘ఓడినవాళ్ళు అందరికీ టీ పెట్టాలి’ అంటే కూడా వద్దన్నాను. టీ నేనే పెట్టాను.

3. ఇంట్లో అందరికీ చోటున్నదే ఇంటి ఆట

ఫోనులో ఆట ఒక్కడిది. పిల్లాడు మూలన తల వంచుకుని కూర్చుంటే వాడు గెలిచాడో ఓడాడో పక్కనున్న అమ్మకు కూడా తెలియదు. నేను ఆటను తూచే మొదటి రాయి ఇదే: పక్కనున్నవాళ్ళు కేకలు వేయగలుగుతున్నారా లేదా?

ఈ మెషీన్‌తో జాయ్‌కాన్ అనే చిన్న చేతిముక్కలు రెండు వస్తాయి. విడదీసి ఒక్కొక్కరు ఒక్కోటి పట్టుకుంటే ఇద్దరు ఆడవచ్చు. నలుగురు ఆడాలంటే ఇంకో జత కొనాలి. ఆ జత తప్పకుండా కొనమని నా సలహా. ఇద్దరు ఆడుతూ ఆరుగురు ఎదురుచూసే ఇంట్లో గొడవలు తప్పవు. అమెరికా నుంచి తెచ్చిన అడాప్టర్ మన కరెంటుకు పనిచేస్తుంది, గోడ ప్లగ్గులో పట్టడానికి పిన్ను మార్చే ముక్క ఒకటి చాలు.

పరుగుకు చేతులు ఊపాలి, బాణానికి వెనక్కు లాగి గురిచూసి వదలాలి. చేతులు ఊపడం ఇష్టంలేనివాళ్ళు బటన్లతోనే ఆడుకోవచ్చు. మా ఆవిడ ఇంతకుముందు వీడియో గేమ్ ముట్టుకున్న మనిషి కాదు. విలువిద్య పోటీకి కూర్చుంది. గాలి ఎటు వీస్తోందో తెరమీద గుర్తు ఉంటుందని మనవరాలు చెబితే, రెండో బాణానికే గురి కాస్త పక్కకు జరిపింది. అల్లుడు ఓడిపోయాడు. “అమ్మమ్మా, నువ్వు నిజంగా ఎప్పుడూ ఆడలేదా?” అని మనవరాలు అడిగితే, “మామిడికాయలు రాళ్ళేసి కొట్టిన చెయ్యి తల్లీ ఇది” అంది.

అమ్మమ్మలు కూడా ఆడగలగడం అనుకోకుండా కుదిరింది కాదు, తయారుచేసినవాళ్ళు ఆలోచించి చేసిన పని. నింటెండోకు సతోరు ఇవాటా అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, 2006లో, వీ అనే మెషీన్ తెచ్చారు. అంతకుముందు ఆటలు ఆడనివాళ్ళనే ఆయన ముందు పెట్టుకున్నాడు. పది బటన్లు గుర్తుపెట్టుకోలేనివాళ్ళు కూడా చేతిలోది ఊపితే చాలు, తెరమీద బ్యాటు ఊగేలా చేశారు. మారియో, సోనిక్ కలిసిన మొదటి ఆట మొదట ఆ మెషీన్ మీదే వచ్చింది.

ఇంకొక మాట. నడిమింట్లో టీవీ ముందు చాప వేస్తే మా పిల్లలు మాత్రమే కూర్చోలేదు. తండా పిల్లలు వచ్చారు, మాలపల్లె పిల్లలు వచ్చారు, చేలో పనికి వచ్చిన తల్లుల వెంట వచ్చిన పిల్లలూ వచ్చారు. మొదట గుమ్మం దగ్గరే నిలబడ్డారు. లోపలికి పిలిచి చాప మీద కూర్చోబెట్టాం. అన్ని కులాల వాళ్ళనూ ఒకే పంక్తిన కూర్చోబెట్టి చాపకూడు పెట్టించిన బ్రహ్మనాయుడి నేల ఇది. ఆటకు కూర్చున్న పిల్లల్లో ఒకరిని గుమ్మం బయట నిలబెట్టే ఇల్లు పల్నాట్లో ఉండకూడదు. డల్లాస్ నుంచి వచ్చిన మనవడికి తండా కుర్రాడు రెండు రోజుల్లో లంబాడీ మాటలు నేర్పాడు, వీడు వాడికి బటన్ల పేర్లు నేర్పాడు.

4. ఒక్కో ఒంటికి ఒక్కో ఆట

2007లో వచ్చిన మొదటి ఆటలోనే పదహారు మంది ఆటగాళ్ళను, ఒక్కో కంపెనీ నుంచి ఎనిమిది మందిని, నాలుగు రకాలుగా విడదీశారు. అన్నిటిలో సమానంగా ఉండేవాళ్ళు, బలం ఉన్నవాళ్ళు, వేగం ఉన్నవాళ్ళు, నేర్పు ఉన్నవాళ్ళు. మారియో మొదటి రకం. బౌజర్, నకుల్స్ బలం. సోనిక్, యోషీ వేగం. పీచ్ రాకుమారి, టెయిల్స్ నేర్పు. పిల్లలు మొదట్లో అన్ని పోటీలకూ సోనిక్‌నే తీసుకుంటారు. అతను వేగంగా పరుగెత్తుతాడని సినిమాల్లో చూశారు కదా. విసిరే పోటీల్లో అతను వెనకబడితే అప్పుడు ఆలోచన మొదలవుతుంది.

జట్టు ఎంపిక అంటే ఇదే. చెడుగుడు జట్టులో ఏడుగురు ఉంటే ఏడుగురూ కూతకు వెళ్ళేవాళ్ళయితే ఆ జట్టు ఓడుతుంది. మూలన నిలబడి చీలమండ పట్టేవాడు కావాలి, పక్కన అడ్డుపడేవాడు కావాలి, సన్నగా ఉండి చేతుల్లోంచి జారిపోయేవాడు కావాలి. బొద్దుగా ఉన్నాడని ఇంట్లో తిట్లు తినే పిల్లాణ్ణి తెచ్చి మూలన నిలబెడితే, వాడి పట్టు విడిపించుకోవడం ఎవరివల్లా అయ్యేది కాదు.

తెలుగు ఆడపిల్లల్నే చూడండి. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ ఆమె. పొడగరి అయిన పి.వి. సింధు షటిల్‌లో రెండు ఒలింపిక్ పతకాలు తెచ్చింది. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హర్డిల్స్ పరుగెత్తింది, ఆ పోటీలో ఒలింపిక్స్‌కు వెళ్ళిన మొదటి భారతీయురాలు. ఈ ముగ్గురూ చిన్నప్పుడు ఒకే బడిలో ఉంటే, పీఈటీ ముగ్గురిచేతా ఒకే ఆట ఆడించి ఉంటే, మనకు ఏ పతకం వచ్చేది? ఈ వీడియో గేమ్‌లో పిల్లవాడు తనకు సరిపడే బొమ్మను వెతుక్కునే పని చేస్తున్నప్పుడు పెద్దలు పక్కన కూర్చుని చూడాలి. వాడి ఒంటికి ఏ ఆట సరిపోతుందో మాట్లాడటానికి అంతకంటే మంచి సమయం ఉండదు.

5. ఓడిపోవడం ఇంట్లో నేర్పితేనే బయట పనికొస్తుంది

చిన్న మనవడు టేబుల్ టెన్నిస్‌లో ఓడి చేతిముక్క విసిరికొట్టాడు. వాళ్ళమ్మ కసిరింది. నేను కసరలేదు. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని రియో ఒలింపిక్స్ షటిల్ ఫైనల్ చూపించాను. 2016 ఆగస్టు 19న సింధు మొదటి గేమ్ 21–19తో గెలిచి, తర్వాతి రెండూ 12–21, 15–21తో స్పెయిన్ అమ్మాయి కరోలినా మారిన్‌కు ఓడిపోయింది. గెలిచిన మారిన్ నేల మీద పడి ఏడుస్తుంటే, ఓడిన సింధు నెట్టు దాటి వెళ్ళి ఆమెను లేపి కౌగిలించుకుంది. మారిన్ వదిలేసిన రాకెట్టును తీసి పక్కన పెట్టింది.

ఆ రాకెట్టు తీసిన చోట వీడియో ఆపి, “ఇప్పుడు నీ చేతిముక్క ఎక్కడుంది నాయనా?” అని అడిగాను. వాడే లేచి తెచ్చాడు.

6. బొమ్మ పిల్లవాణ్ణి గేటు దాకా తెస్తుంది, లోపలికి తీసుకెళ్ళాల్సింది ఆటే

ఆటల పండగలకు బొమ్మలు కొత్త కాదు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడలకు అప్పు అనే గున్న ఏనుగు, 2003లో హైదరాబాద్‌లో జరిగిన మొదటి ఆఫ్రో–ఏషియన్ క్రీడలకు షేరూ అనే సింహం, 2010 కామన్వెల్త్ క్రీడలకు షేరా అనే పులి. అప్పు బొమ్మ ఉన్న పెన్సిలు పెట్టె కోసం పిల్లలు అన్నం మానేసిన రోజులు నాకు బాగా గుర్తు. రియో ముగింపు వేడుకలో జపాన్ ప్రధాని షింజో అబే మారియో వేషంలో పైపులోంచి బయటికి వచ్చి, తర్వాతి ఒలింపిక్స్ మావేనని ప్రపంచానికి చెప్పాడు. ఒక దేశ ప్రధాని వీడియో గేమ్ బొమ్మ టోపీ పెట్టుకోవడానికి వెనకాడలేదంటే, ఆ బొమ్మకు పిల్లల్లో ఎంత పలుకుబడి ఉందో చూడండి.

ఆ పలుకుబడిని బళ్ళలో మనం వాడుకోవాలి. నేను ఖోఖో జట్లకు రంగుల పేర్లు పెట్టేవాణ్ణి, ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. పులి జట్టు, ఎలుగుబంటి జట్టు అన్నాక పిల్లలు ముందే వచ్చి నిలబడేవాళ్ళు.

7. పాత ఆటల సంగతి అడిగినప్పుడు ఆలస్యం చేయకుండా చెప్పాలి

ఈ టోక్యో ఆటలో 1964 టోక్యో ఒలింపిక్స్ కూడా దాచిపెట్టారు. అందులో బొమ్మలు పాతకాలపు చుక్కల బొమ్మల్లా మారిపోతాయి. మారియో తొలినాళ్ళ మెషీన్‌లో ఎలా ఉండేవాడో అలా, సోనిక్ తన తొలి మెషీన్‌లో ఎలా ఉండేవాడో అలా కనిపిస్తారు. “తాతయ్యా, 1964లో నిజంగా ఏమైంది?” అని మనవరాలు అడిగింది.

చెప్పాను. వాలీబాల్, జూడో ఒలింపిక్స్‌లోకి వచ్చింది ఆ ఏడాదే. జపాన్ ఆడవాళ్ళ వాలీబాల్ జట్టు సోవియట్ జట్టును ఓడించి బంగారం తీసుకుంది. చరణ్‌జిత్ సింగ్ నాయకత్వంలో మన హాకీ జట్టు పాకిస్థాన్‌ను 1–0తో ఓడించి బంగారం తెచ్చింది. 110 మీటర్ల హర్డిల్స్‌లో గుర్‌బచన్ సింగ్ రంధావా అయిదో స్థానంలో వచ్చాడు. అది విన్నాక ఆ పిల్ల తెరమీద వాలీబాల్‌నే మళ్ళీ మళ్ళీ ఆడింది.

8. తెరమీద ఆట మైదానానికి దారి చూపాలి

చేతులు ఊపితే చెమట పడుతుంది, నిజమే. కానీ కాళ్ళకు బలం రాదు, ఊపిరి పెరగదు. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్ళు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ అరవై నిమిషాలు టీవీ ముందు రావు. కాబట్టి వేళలు విడదీసుకోవాలి. మా పల్నాడు వేసవి ఎండల్లో పదకొండు నుంచి నాలుగున్నర దాకా పిల్లల్ని బయటికి పంపడం ప్రమాదం. ఆ వేళ తెరకు ఇవ్వండి, అదీ ఒక గంటకు మించకుండా. పొద్దున్నా సాయంత్రమూ మైదానానివి. అవి ఇంక దేనికీ ఇవ్వకండి.

మా పిల్లలు తెరమీద జావెలిన్ విసిరి ఎనభై మీటర్లు దాటించామని సంబరపడ్డారు. ఆ సాయంత్రం స్కూలు వెనక నేలకు తీసుకెళ్ళి వెదురు కర్ర చేతికిచ్చాను. కర్ర ఎంత దూరం పోయిందో టేపు పెట్టి కొలిచాం. తర్వాత అడుగులు వేయించి 87.58 మీటర్లు ఎక్కడికి వస్తుందో చూపించాను. టోక్యోలో 2021 ఆగస్టు 7న నీరజ్ చోప్రా విసిరిన దూరం అది. గోడ దాటి, రోడ్డు దాటి, అవతలి చేలోకి వెళ్ళాల్సి వచ్చింది. మగవాళ్ళ జావెలిన్ 800 గ్రాముల బరువు ఉంటుందని చెప్పి, అంత బరువున్న ఇటుక ముక్కను చేతిలో పెట్టాను. పిల్లలు కాసేపు మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే కర్ర పట్టుకుని వచ్చారు, ఎలా పరుగెత్తి ఎక్కడ ఆగాలో నేర్పమన్నారు.

బాణాల సంగతీ అంతే. నల్లమలలో చెంచులు తరతరాలుగా విల్లు పట్టినవాళ్ళు. విజయవాడ నుంచి వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది. బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్‌లో అంకితా భకత్‌తో కలిసి మిక్స్‌డ్ జట్టు పోటీలో నాలుగో స్థానం దాకా వెళ్ళాడు. విల్లు పట్టే చేతులు అడవి అంచునే ఉన్నాయి, శిక్షణ మాత్రం విజయవాడలో ఉంది. వినుకొండలో ఒక విలువిద్య శిక్షణ కేంద్రం పెడితే చెంచు పిల్లలు, తండా పిల్లలు వచ్చి నేర్చుకుంటారు. అధికారులు ఈ మాట వినాలి.

9. మన ఆటలు మనమే చేసుకోవాలి

ఇంత మంచి ఆటలోనూ నన్ను బాధపెట్టింది ఒకటే. సర్ఫింగ్ ఉంది, స్కేట్‌బోర్డు ఉంది, గోడలెక్కడం ఉంది. చెడుగుడు లేదు, ఖోఖో లేదు. ఒలింపిక్స్‌లో లేనివి ఆ ఆటలోకి రావు, అందుకు వాళ్ళను తప్పుపట్టలేను. పైగా ఆ వరస టోక్యోతో ఆగిపోయింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌కు మారియో, సోనిక్ కలిసి రాలేదు. ఆ స్థానంలో ఫోన్లలో ఆడుకునే ఇంకో ఆట వచ్చింది. నలుగురు ఒకే చాప మీద కూర్చునే సుఖం దాంతో పోయింది. ఇది పెద్ద నష్టమని నా అభిప్రాయం.

కానీ మనకు బొమ్మలు లేవా? హైదరాబాద్‌లో రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ సంస్థ తయారుచేసిన ఛోటా భీమ్ 2008 నుంచి టీవీలో ఉన్నాడు. బొల్లాపల్లి తండాల్లో పిల్లలకు మారియో పేరు తెలియకపోవచ్చు, భీమ్ పేరు తెలియని పిల్లాడు లేడు. ఆ భీమ్‌నూ చిన్నికృష్ణుడినీ ఒకే కథలో కలిపి వాళ్ళు సినిమాలు కూడా తీశారు. రెండు కథల బొమ్మల్ని ఒకే బరిలోకి తేవడం మనవాళ్ళకు తెలిసిన పనే. ఆట కూడా మన దగ్గర బలంగానే ఉంది. చెడుగుడు కబడ్డీ పేరుతో 1990 బీజింగ్ నుంచి ఆసియా క్రీడల్లో ఉంది. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఖోఖో ప్రపంచ కప్పును మన మగవాళ్ళ జట్టూ ఆడవాళ్ళ జట్టూ రెండూ గెలుచుకున్నాయి. మా పొరుగున ప్రకాశం జిల్లాకు చెందిన పోతిరెడ్డి శివారెడ్డి ఆ మగవాళ్ళ జట్టులో ఆడాడు.

హైదరాబాద్‌లో ఆటలు, యానిమేషన్ తయారుచేసే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నా మనవి. ఒకే టీవీ ముందు నలుగురు కూర్చుని ఆడే చెడుగుడు ఆట తయారుచేయండి. కూతకు వెళ్ళినవాడు బటన్ నొక్కిపట్టి ఉంచాలి, వదిలితే ఊపిరి పోయినట్టు. ప్రొ కబడ్డీలో ఉన్న 30 సెకన్ల గడువు పెట్టండి. పట్టుకునే ముగ్గురూ ఒకేసారి చేతులు కలిపితేనే పట్టు నిలవాలి. భీమ్ బలంతో పట్టనీ, అదే కథలోని చుట్కీ ఒడుపుగా తప్పించుకోనీ, కాలియా అలిసిపోనీ. అమ్మమ్మలు ఆడగలిగేంత తేలిగ్గా ఉండాలి, మధ్యలో డబ్బు అడగకూడదు. తెలుగులో వ్యాఖ్యానం పెట్టండి. మగవాళ్ళ బరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, ఆడవాళ్ళ బరి 12 మీటర్లకు 8. మిగతా కొలతలు, పట్లు, ఎత్తుగడలు చెప్పడానికి మా లాంటి పీఈటీలు ప్రతి మండలంలో ఉన్నారు. వచ్చి అడగండి, మైదానంలోనే నిలబడి చూపిస్తాం.